బర్మింగ్‌హామ్‌లో తకిట తక తకధిమి

1998 ఫిబ్రవరి. రాత్రి మూడు గంటలు దాటింది. బర్మింగ్‌హామ్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ పక్కనున్న కాఫీ గదిలో, కుర్చీలోనే కునుకు పట్టింది. అప్పటికి రెండు ఎమర్జెన్సీ కేసులు అయ్యాయి. మూడో పేషెంట్‌ని వార్డు నుంచి ఇంకా తీసుకురాలేదు. నిద్రలో పిట్టల కూతలు వినపడ్డాయి. వాటి కింద నీళ్ళు పారుతున్న చప్పుడు. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో కాలవ గట్టు మీద ఇల్లు మాది. తెల్లవారుజామున అరుగు మీద నవారు మంచంలో పడుకున్నట్టే ఉంది. తెల్లారిపోయింది, డ్యూటీ అప్పగించాలి అనుకుంటూ ఉలిక్కిపడి లేచాను. గడియారం మూడూ పది చూపిస్తోంది. కిటికీ బయట మంచు కురుస్తోంది. పిట్టలు కూస్తున్నది టేబుల్ మీది టేప్ రికార్డర్‌లో!

అది అర్థమయ్యేలోగానే ఆ కూతల మీద గిటారు, బేస్, డ్రమ్ములు, కీబోర్డు అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎవరి దారి వారిదే అన్నట్టు పరుగెడుతున్నారు. అయినా ఎవరూ ఎవరికీ అడ్డం రావడం లేదు. ఆ గందరగోళం మధ్యలో హఠాత్తుగా ఓ గొంతుల గుంపు "ఆ" అంటుంది, అంతా టక్కున ఆగిపోతుంది, మళ్ళీ పరుగు మొదలవుతుంది. మా థియేటర్ టెక్నీషియన్ గబగబా వచ్చి సౌండ్ తగ్గించబోయాడు. "వద్దు, ఉండనివ్వండి" అన్నాను. ఆ మాట అనకపోయి ఉంటే ఇప్పుడు ఈ జ్ఞాపకాలు రాసేవాణ్ణి కాదు.

అది యెస్ అనే ఇంగ్లీషు ప్రోగ్రెసివ్ రాక్ బృందం 1972లో తెచ్చిన 'క్లోజ్ టు ది ఎడ్జ్'. రాక్‌లోనే సుదీర్ఘంగా, చిక్కు తాళాలతో పాటలు కట్టే దారి అది. ఒక్క పాట పద్దెనిమిది నిమిషాల పైన నడుస్తుంది. పూర్తయ్యేలోగా పేషెంట్ వచ్చేశాడు. కేసయ్యాక పొద్దున్న ఏడింటికి చేతులు కడుక్కుంటూ మా టెక్నీషియన్ అడిగాడు: "డాక్, శనివారం సాయంత్రం ఖాళీయేనా?"

అలా శనివారం ఆయన ఇంటికి వెళ్ళాను. ఆ ఇంట్లో కలిసినవాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. వాళ్ళెవరూ పేరున్న మనుషులు కారు, పేరు కోరుకునేవాళ్ళూ కారు. మా టెక్నీషియన్, ఆయన భార్య, ఒక స్కూల్ లెక్కల మాస్టారు, ఒక పోస్ట్‌మన్, కర్మాగారంలో టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. నేను తప్ప అందరూ 1970లలో కుర్రాళ్ళు. జీతంలో సగం రికార్డులకీ కచేరీ టిక్కెట్లకీ పోసినవాళ్ళు. 1976 తర్వాత పొట్టి, మోటు పాటల పంక్ రాక్ వచ్చి, ఇరవై నిమిషాల పాటలంటే జనం నవ్వే రోజులొచ్చినా ఆ రికార్డులు అమ్ముకోలేదు. హాల్లో ఒక గోడ మొత్తం ఎల్పీలే. అట్టల వాసన, టీ వాసన, గ్యాస్ హీటర్ వేడి. నాకు ఆ దేశంలో ఇల్లు అనిపించిన మొదటి చోటు అది.

వాళ్ళకో పద్ధతి ఉండేది. శనివారం ఎవరి వంతయితే వాళ్ళు రెండు రికార్డులు తేవాలి. ఒకటి ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్. రెండోది, ఆ ఆల్బమ్ చేసినవాళ్ళు ఎవరిని విని పెరిగారో ఆ సంగీతం. పిల్ల రికార్డు ముందు, తల్లి రికార్డు తర్వాత. రెండూ పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత మాత్రం ఇల్లు ఎగిరిపోయేంత వాదన. పోలిక కుదిరిందా లేదా, ఎక్కడ కనిపించింది, ముక్కులోనా, నడకలోనా, అని మన ఇళ్ళలో పసిపిల్లని చూడ్డానికొచ్చిన చుట్టాలు వాదించుకున్నట్టే ఉండేది.

నేను వెళ్ళిన మొదటి శనివారం లెక్కల మాస్టారి వంతు. ఆయన దేవుడు కింగ్ క్రిమ్సన్ బృందం గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్. 1969 అక్టోబర్‌లో వచ్చిన ఆ బృందం మొదటి ఆల్బమ్ తెచ్చాడు. అట్ట మీద నోరు తెరిచి అరుస్తున్న ఆ ఎర్రటి ముఖం చూడగానే నాకు భయమేసింది. మొదటి పాట మధ్యలో గిటారు, శాక్సఫోన్, డ్రమ్ములు కలిసి ఒకే గొంతుతో తూటాల్లా స్వరాలు వదులుతాయి, మధ్యమధ్య కత్తితో కోసినట్టు నిశ్శబ్దాలు. ఆ తర్వాత మాస్టారు ఒక సంగతి చెప్పాడు. ఆ పాటలో గిటారు వాయించిన ఫ్రిప్, పాడుతూ బేస్ వాయించిన గ్రెగ్ లేక్ ఇద్దరూ దక్షిణ తీరంలో బోర్న్‌మత్ ప్రాంతం కుర్రాళ్ళు. చిన్నప్పుడు ఇద్దరికీ గిటారు నేర్పింది ఒక్కడే, డాన్ స్ట్రైక్ అనే మాస్టారు. ఒకే గురువు దగ్గర ఒకే పాఠాలు దిద్దుకున్న ఇద్దరు పిల్లలు పెద్దయ్యాక ఒకే మైకుల ముందు నిలబడి అలాంటి పాట తీశారు. నాకు ఒళ్ళు జలదరించింది. మా గోదావరి జిల్లాల్లో ఫలానా ఆయన ఫలానా వారి శిష్యుడు అని చెప్పకుండా ఏ విద్వాంసుడి పేరూ ఎత్తరు. ఇంగ్లండులో రాక్ సంగీతానికి కూడా గురుపరంపర ఉంటుందని నేను ఊహించలేదు.

ఆ ఆల్బమ్ చివరి పాటలో మేఘాలు కదిలినట్టు వయొలిన్ల గుంపు వినపడుతుంది. అందులో వయొలిన్ వాయించినవాడు ఎవడూ లేడు. అది మెలోట్రాన్ అనే కీబోర్డు వాయిద్యం. దాని గురించి చెప్పే హక్కు మాత్రం మా టూల్‌రూమ్ పెద్దాయనదే, ఎందుకంటే దాన్ని తయారుచేసింది బర్మింగ్‌హామ్ శివార్లలో ఆయన ఇంటికి దగ్గర్లోనే ఉన్న స్ట్రీట్లీలో. ఆయన తన వేళ్ళనే మీటల్లా టీపాయ్ మీద పెట్టి వివరించేవాడు. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క. మీట నొక్కితే ఆ టేపు హెడ్ మీదుగా జారుతుంది, ముందే రికార్డు చేసిన వయొలినో వేణువో పలుకుతుంది. ఎనిమిది సెకన్లకి టేపు అయిపోతుంది, మీట వదలాలి, స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగేస్తుంది. 35 మీటలుండే మోడల్ బాగా అమ్ముడుపోయింది. బర్మింగ్‌హామ్ బృందమే అయిన మూడీ బ్లూస్‌లో మెలోట్రాన్ వాయించిన మైక్ పిండర్ ముందు ఆ కంపెనీలోనే పనిచేశాడు. "ఎనిమిది సెకన్లే కాబట్టి ఒకే స్వరాన్ని సుదీర్ఘంగా లాగడం కుదరదు, వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి పాకుతూ పోవాలి, అందుకే ఆ శబ్దం అలా ఊపిరి పీల్చినట్టు ఉంటుంది" అనేవాడు పెద్దాయన. ఇప్పటికీ ఆ పాట వింటే నాకు ఆ ముసలి వేళ్ళే కనపడతాయి, గ్రీజు మరకలు గోళ్ళలో ఇంకిపోయిన వేళ్ళు.

అందరికంటే పెద్ద ఆశ్చర్యం ఇచ్చింది ఇంటావిడ. ఆమె ఎక్కువగా మాట్లాడేది కాదు. ఆమె వంతు వచ్చిన రోజున జెనెసిస్ రికార్డు పెట్టింది. బడిలో ప్రార్థన గీతాలు పాడుకుంటూ పెరిగిన చార్టర్‌హౌస్ స్కూల్ కుర్రాళ్ళు పెట్టిన బృందం అది. తల్లి రికార్డుగా పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తలు బాఖో, రావెలో తెస్తుందనుకున్నాం. ఆమె ఓటిస్ రెడ్డింగ్ రికార్డు తెచ్చింది! అమెరికా దక్షిణాది సోల్ గాయకుడు, చెమటలు కక్కుతూ పాడే మనిషి. పోస్ట్‌మన్ నవ్వబోయి ఆగాడు. 1966లో లండన్ బ్రిక్స్‌టన్‌లో రామ్ జామ్ క్లబ్‌లో ఓటిస్ పాడుతుంటే తర్వాత జెనెసిస్ గాయకుడైన పీటర్ గేబ్రియల్, అప్పటికింకా బడి కుర్రాడు, వెళ్ళి విన్నాడట. తన జీవితంలో అంత గొప్ప కచేరీ లేదని పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు. "ఇప్పుడు ఇందాకటి పాటలో గొంతు ఎక్కడ చిరుగుతుందో మళ్ళీ వినండి" అందామె. మళ్ళీ పెట్టాం. నిజమే, పువ్వు ముసుగులూ నక్క తలలూ పెట్టుకుని పాడిన ఆ గేబ్రియల్ గొంతు చివర్లో ఓటిస్ ఉన్నాడు. ఆ రోజు నుంచి నేను ఏ పాట విన్నా ముందు గొంతు ఎక్కడ చిరుగుతుందో వెతుక్కుంటాను.

పింక్ ఫ్లాయిడ్ మీద వాదనలు తక్కువ. వాళ్ళ పేరే ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్ల నుంచి, పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ నుంచి వచ్చింది కాబట్టి అక్కడ తల్లి ఎవరో అందరికీ తెలుసు. 1973 నాటి ఆల్బమ్‌లో 'బ్రీత్' పాటలో ఒక కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి, జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ దగ్గర విని పట్టుకున్నానని ఆ బృందంలో కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ స్వయంగా చెప్పాడు. జెత్రో టల్ బృందం ఇయన్ ఆండర్సన్ అయితే ఇంకా తేట. వేణువులోకి ఊదుతూనే గొంతుతో గురగురలాడే పద్ధతి అమెరికన్ జాజ్ విద్వాంసుడు రోలాండ్ కర్క్‌ది. 1968లో టల్ మొదటి ఆల్బమ్‌లో కర్క్ రాసిన పాటనే వాయించి, ఆయన పేరు కూడా వేశారు.

పేరు వేయడం గురించి మాత్రం ఒక శనివారం పెద్ద గొడవే అయింది. ఎమర్సన్ లేక్ అండ్ పామర్ బృందం 1970లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట హంగరీ స్వరకర్త బార్టోక్ పియానో రచన. మరో పాటలో చెక్ స్వరకర్త యానాచెక్ ఉన్నాడు. మొదట్లో అట్ట మీద వాళ్ళ పేర్లు లేవు. పోస్ట్‌మన్‌కి ఆ బృందంలో కీబోర్డులు వాయించిన కీత్ ఎమర్సన్ అంటే ప్రాణం. ఆయన హామండ్ ఆర్గాన్‌ని కత్తులతో పొడవడం కళ్ళారా చూశానని చెప్పేవాడు. "పేరు లేకపోతేనేం, లక్షలమంది కుర్రాళ్ళు బార్టోక్‌ని విన్నారు కదా" అన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఎమర్సన్ కూడా తర్వాత ఆ దారి మార్చుకున్నాడు. 1973లో అర్జెంటీనా స్వరకర్త హినాస్తేరా పియానో కన్చెర్టోలో ఒక భాగం తీసుకున్నప్పుడు, పబ్లిషర్లు కుదరదంటే జెనీవా దాకా వెళ్ళి, ఆ పెద్దాయన ఇంట్లోనే టేపు వినిపించి, ఆయన సంతోషంగా ఒప్పుకున్నాకే వేసుకున్నాడు. ఎమర్సన్ చేసిన వాటన్నిటిలో నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. వాయింపు బాగుండటం సగం కారణం. తల్లి గడప తొక్కి అడిగి తెచ్చుకోవడం మిగతా సగం.

ఈ సంగతి ఫోన్లో చెప్తే మా నాన్న ఒక మాటన్నారు. "మన వాగ్గేయకారులు తెలివైనవాళ్ళురా. పేరు అట్ట మీద వెయ్యరు, కీర్తనలోనే కుట్టేస్తారు. త్యాగరాజు అని చరణంలో ఉంటే ఎవడు తీసెయ్యగలడు?"

మా నాన్న హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మృదంగం ఆయన సరదా. సరదా అంటే ఆయన నొచ్చుకుంటారు, కానీ కచేరీలు చేసింది మా చుట్టుపక్కల ఊళ్ళలో శ్రీరామనవమి పందిళ్ళలోనే. 1999 వేసవిలో అమ్మా నాన్నా నా దగ్గరికి వచ్చారు. ఆ ముందు వారం నా వంతు అయింది. దాని గురించి ముందు చెప్పాలి.

యెస్ 1973 చివర్లో ఒక డబుల్ ఆల్బమ్ తెచ్చింది. నాలుగు వైపులకి నాలుగే పాటలు, మొత్తం 80 నిమిషాల పైన. యెస్‌లో అంతకుముందు డ్రమ్ములు వాయించిన బిల్ బ్రూఫర్డ్ పెళ్ళి విందులో కింగ్ క్రిమ్సన్ తాళవాద్యకారుడు జేమీ మ్యూర్ మాటల్లో పడి, యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్‌కి పరమహంస యోగానంద ఆత్మకథ గురించి చెప్పాడు. అందులో ఒక పేజీ అడుగున చిన్న గమనిక, శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని శాస్త్రాలు నాలుగు విధాలని. ఆ నాలుగింటి మీదే నాలుగు పాటలు కట్టేశాడు ఆండర్సన్. కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కి ఆ ఆల్బమ్ నచ్చలేదు. మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో వాయిస్తుండగా స్టేజి మీదే కూర తెప్పించుకు తిన్నానని తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. మావాళ్ళకి ఆ ఆల్బమ్ అంటే భయం, ఇష్టం రెండూను. తల్లి రికార్డు ఏమిటో ఎవరికీ తోచేది కాదు, పుస్తకం ఉంది గానీ సంగీతం ఏది?

నేను తెచ్చింది ఒక తంబురా టేపు. ఐదు నిమిషాలు ఒట్టి తంబురా. అది అయ్యాక చెప్పాను, మా భాషలో శ్రుతి అంటే వేదం, శ్రుతి అంటే ఇదిగో ఈ నాదం కూడా, రెంటికీ ఒకటే మాట, రెండూ చెవితో పట్టుకోవాల్సినవే. శ్రుతిర్మాతా లయః పితా అని నాన్న చెప్పే మాట కూడా చెప్పాను, శ్రుతి తల్లి, లయ తండ్రి. మాస్టారు లేచొచ్చి టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. ఆ రోజు ఎవరూ వాదించలేదు.

ఇక నాన్న వచ్చిన శనివారం. పంచె కట్టుకునే వస్తానన్నారు, అలాగే వచ్చారు. మా టెక్నీషియన్ గుమ్మంలోనే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు, ముందురోజు నన్నడిగి నేర్చుకున్నాడు. ఇంగ్లీషు మాట్లాడగలరు గానీ బర్మింగ్‌హామ్ యాస నాన్నకి పట్టుబడదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు వంతు పోస్ట్‌మన్‌ది. ఎమర్సన్ పాత బృందం ది నైస్ వాయించిన 'రోండో', దాని తల్లి అయిన డేవ్ బ్రూబెక్ జాజ్ రచన. నాన్న కోసమని వరుస మార్చి తల్లిని ముందు పెట్టారు.

1958లో బ్రూబెక్ ఇస్తాంబుల్ వీధుల్లో వాయించేవాళ్ళ దగ్గర ఒక తాళం లెక్క విని ఆ రచన చేశాడు. పియానో మొదలైంది. నాన్న కుడిచెయ్యి ఎప్పుడు తొడ మీదికి వెళ్ళిందో నేను చూడలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. తక తక తక తకిట. తక తక తక తకిట. తక తక తక తకిట. నాలుగో ఆవృతానికి ఆయన చెయ్యి తడబడబోయి, ఠక్కున సర్దుకుంది. తకిట తకిట తకిట. నాన్న ముఖం వెలిగిపోయింది. "తొమ్మిదేరా! మూడుసార్లు అలా కోసి నాలుగోసారి ఇలా కోశాడు. మొత్తం తొమ్మిదే!" అని నాతో గట్టిగా అన్నారు, మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి. లెక్కల మాస్టారు తను కూడా రూలు మరిచిపోయి నాన్న పక్కన నేల మీద కూర్చున్నాడు, చెయ్యి చూడ్డానికి.

ఆ తర్వాత ఎమర్సన్ రికార్డు. అదే రాగం, ఆర్గాన్ మీద, పెద్ద జోరు. నాన్న రెండు ఆవృతాలు వేసి చెయ్యి ఆపేశారు. "తొమ్మిదిని నాలుగు చేశాడే" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. పోస్ట్‌మన్ ముఖం చిన్నబోయింది. నాన్న అది గమనించి, "తప్పని కాదు, వీధిలో పరిగెత్తడానికి నాలుగే బాగుంటుంది, చాలా జోరుగా ఉన్నాడు కుర్రాడు, చేతిలో సత్తువ ఉంది" అని చెప్పమన్నారు. చెప్పాను. పోస్ట్‌మన్ తేరుకున్నాడు.

అప్పుడు ఇంటావిడ లేచింది. ఆమె వంతు కాదు. గోడ దగ్గరికెళ్ళి జెనెసిస్ 'ఫాక్స్‌ట్రాట్' తీసింది. 1972 రికార్డు. రెండో వైపు మొదట్లో స్టీవ్ హాకెట్ గిటారు ముక్క, బాఖ్ చెల్లో సంగీతం నీడలో కట్టింది, నిమిషంన్నర పైన ఉంటుంది. దాని తర్వాత 23 నిమిషాల పాట. ఆమె అదంతా పెట్టలేదు. రికార్డుని వెలుతురుకి పట్టుకుని, గాడుల మధ్య ఒక చోటు చూసుకుని ముల్లు దించింది. అందులో ప్రళయం వచ్చే ఘట్టం అది, పేరులోనే తొమ్మిది ఉంది.

బేస్, డ్రమ్ములు మొదలయ్యాయి. నాన్న కళ్ళు మూసుకున్నారు. మొదటి నాలుగు ఆవృతాలు చెయ్యి కదలలేదు. తర్వాత వేలు, తర్వాత అరచెయ్యి. తకిట తక తకధిమి. తకిట తక తకధిమి. మూడు, రెండు, నాలుగు. గదిలో ఒక్కొక్కళ్ళే ఆయనతో కలిశారు, ముందు మాస్టారు, తర్వాత పెద్దాయన టీపాయ్ మీద, చివరికి మా టెక్నీషియన్ కూడా. పాతికేళ్ళుగా వింటున్న పాటే, కానీ లోపలి లెక్కని నోటితో పలకొచ్చని వాళ్ళకి తెలీదు. ఇంగ్లీషు నోళ్ళలో తకధిమి అంత తియ్యగా ఉంటుందని నాకూ తెలీదు. పైన టోనీ బ్యాంక్స్ ఆర్గాన్ ఆ తొమ్మిదిని ఏమాత్రం లెక్కచెయ్యకుండా తన దారిన తను పోతోంది. నాన్న ఒక కన్ను తెరిచి నావైపు చూసి, "ఎక్కడ కలుస్తాడో చూడు" అన్నారు, కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో ముగింపు మోరా కోసం కాచుకున్నట్టు. ఆర్గాన్ ఎక్కి, ఎక్కి, ఇక ఎక్కడానికి చోటు లేని దగ్గర గేబ్రియల్ గొంతు వచ్చి పడింది. నాన్న చెయ్యి ఒక్కసారి గాల్లోకి లేచి సరిగ్గా సమం మీద, తాళం మొదటి దెబ్బ మీద వాలింది.

రికార్డు అయ్యాక ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "అదీ తొమ్మిదే, ఇదీ తొమ్మిదే, కోత వేరు. వీళ్ళకి ఎవరు నేర్పారు?" మాస్టారు చాలాసేపు ఆలోచించి, సమాధానం చెప్పలేక, నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు.

నాన్న బదులుగా తనవైపు నుంచి ఒకటి వినిపించాలి కదా అన్నారు. అప్పటికే నేను దాన్ని జేబులో పెట్టుకొచ్చాను. 1995లో వచ్చిన 'డ్రీమ్' సీడీ. మా పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్, కెనడా సంగీతకారుడు మైఖేల్ బ్రూక్ కలిసి చేసింది. మాండలిన్ శ్రీనివాస్ నాకంటే ఏడాది చిన్న. వాళ్ళ నాన్నగారు సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్ళ పిల్లాడు తండ్రి మాండలిన్ తీసి మీటితే, గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి వినిపిస్తే, పిల్లాడు ఆ పాటని తీగల మీద పట్టుకునేవాడట. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కూర్చోబెట్టారు. ఆ పేరు మా జిల్లాలో పాకిపోయింది. పందిట్లో నాన్న నన్ను భుజం పట్టుకు ముందుకు తోసి చూపించారు, నా ఈడు పిల్లాడు, ఒళ్ళో అంత చిన్న వాయిద్యం, దానికో కరెంటు తీగ. కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండలిన్ ఏమిటని ఆ రోజుల్లో పెద్దవాళ్ళు కొందరు పెదవి విరిచారు. నాన్న విరవలేదు.

నేను ఆ సీడీ వెనక అట్ట మీద కంపెనీ పేరు చూపించాను. రియల్ వరల్డ్. మా టెక్నీషియన్ దాన్ని చూసి, 'ఫాక్స్‌ట్రాట్' అట్టని చూసి, మళ్ళీ దాన్ని చూశాడు. రియల్ వరల్డ్ పీటర్ గేబ్రియల్ పెట్టిన సంస్థ. దాని స్టూడియో బాత్ దగ్గర బాక్స్ అనే పల్లెలో ఉంది, మేం కూర్చున్న చోటుకి కారులో రెండు గంటల దూరం. ఇందాక ప్రళయం ఘట్టంలో అరిచిన గొంతే పాలకొల్లు కుర్రాడి మాండలిన్ని ప్రపంచానికి వినిపించింది. ఇందులో తల్లి ఎవరు, పిల్ల ఎవరు అని పోస్ట్‌మన్ అడిగాడు. ఎవరూ తేల్చలేకపోయారు. డాన్‌కాస్టర్ దగ్గర పుట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ సంగతీ అంతే, మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రాక్ వాళ్ళని హడలెత్తించి, వీణ నేర్చుకుని, శక్తి బృందం పెట్టి, ఆ తర్వాత మా శ్రీనివాస్‌నే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అలా అంటూ ఆ రాత్రి పన్నెండు దాటింది. ఇంటావిడ నాన్నకి పాలు వెచ్చబెట్టి ఇచ్చింది.

2003లో నేను విశాఖపట్నం వచ్చేశాను. బ్రామ్స్‌గ్రోవ్ స్ట్రీట్‌లో డిస్కరీ అనే పాత రికార్డుల షాపులో కొన్న 'ఫాక్స్‌ట్రాట్' నాతోపాటే వచ్చింది. ఉప్పుగాలికి అట్ట అంచులు చీకిపోయాయి. టూల్‌రూమ్ పెద్దాయన పోయారని ఒక క్రిస్మస్ కార్డులో తెలిసింది.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్ పోయాడు. 45 ఏళ్ళు. ఆ రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. అటువైపు మా టెక్నీషియన్. "మీ ఊరి కుర్రాడు" అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేకపోయాడు. పదిహేనేళ్ళ కింద ఒక్క సాయంత్రం విన్న మాండలిన్‌ని ఆ మనిషి అన్నాళ్ళూ దాచుకున్నాడు. ఆ సీడీ కాపీ ఇంకా ఉందట. ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టాడు. సన్నగా, టిన్ను డబ్బాలోంచి వచ్చినట్టు, మాండలిన్ వినపడింది. నేను హాల్లో చీకట్లో నిలబడి విన్నాను.

అది ఆగాక, "మీ నాన్నగారు బాగున్నారా? మెలకువగా ఉన్నారా?" అని అడిగాడు. నాన్నకి అప్పటికి 81. మెలకువగానే ఉన్నారు, సాయంత్రం వార్త విన్నప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన మంచం పక్కన పెట్టాను. అటు ముల్లు దిగిన చిన్న చప్పుడు, రెండు మూడు చిటపటలు, ఆపైన బేస్, డ్రమ్ములు. నాన్న దుప్పటి లోంచి చెయ్యి బయటికి తీశారు.